డెబ్బైల చివరి డిస్కో హిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

1977 నుంచి 1979 దాకా అమెరికా, బ్రిటన్ చార్టుల్లో (ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో వారం వారం చెప్పే జాబితాల్లో) పై మెట్టు ఎక్కిన డిస్కో పాటల మీద అభిమానులు కలిసినప్పుడల్లా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. చాలా జవాబులు చివరికి ఒకే చోటికి చేరతాయి. ఈ పాటల్ని రేడియో కంటే ముందు డాన్స్ ఫ్లోర్ గెలిపించింది. అందుకే పాడినవాళ్లతో పాటు డ్రమ్స్ వాయించినవాళ్లు, టేపు కత్తిరించి అతికించినవాళ్లు, క్లబ్బుల్లో రికార్డులు తిప్పినవాళ్ల పేర్లు కూడా ఇక్కడ చాలానే వస్తాయి. వాళ్ల పేర్లు తెలియకుండా ఈ పాటల్ని సగమే విన్నట్టు అని నా గట్టి నమ్మకం.

ఒక పాట డిస్కోనా కాదా అని ఎలా గుర్తుపట్టాలి? వేగంగా ఉంటే చాలా?

వేగం చూసి చెప్పలేం. బీ జీస్ పాడిన 'స్టేయిన్ అలైవ్' నిమిషానికి సుమారు 103 బీట్లతో నడుస్తుంది. డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్' సుమారు 127తో పరిగెడుతుంది. రెండూ డిస్కోనే.

ముందు బేస్ డ్రమ్ మీద చెవి పెట్టండి. నాలుగు బీట్లలో ఒక్కటీ వదలకుండా, అన్నీ ఒకే బరువుతో పడుతున్నాయా? తర్వాత హై-హ్యాట్ వినండి, అంటే డ్రమ్స్ పక్కన ఒకదాని మీద ఒకటి ఉండే రెండు లోహపు రేకులు. బేస్ డ్రమ్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ రెండు రేకులు కొద్దిగా తెరుచుకుని 'త్స్' అని మూసుకుంటాయి. ఈ రెండూ కుదిరితే కాలు దానంతటదే కదులుతుంది. ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాడిగా ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ పేరు చెబుతారు. 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాడిన 'ద లవ్ ఐ లాస్ట్'లో ఆయన వాయింపు వినండి. తర్వాత ఆరేడేళ్లు వచ్చిన డిస్కో అంతా దాని మీదే నిలబడింది.

బేస్ గిటార్ వెనక నిలబడి తోడు వాయించడంతో సరిపెట్టుకోదు, తనే ఒక రాగం పాడుతూ ముందుకొస్తుంది. పైన వయొలిన్లు, బాకాలు. అవి లేకపోయినా డిస్కో అవుతుంది గానీ, కింద ఉన్న బీటు లేకపోతే కాదు.

డిస్కో 1977లో వచ్చిన 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమాతోనే మొదలైందా?

లేదు. ఆ సినిమా వచ్చేనాటికి డిస్కోకి చాలా ఏళ్ల చరిత్ర ఉంది. 1970లోనే న్యూయార్క్‌లో డేవిడ్ మాంకూసో తను ఉండే చోటే పార్టీలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ చోటికి 'ద లాఫ్ట్' అని పేరొచ్చింది. అలాంటి చోట్లకు వచ్చి తెల్లవార్లూ ఆడింది ఎక్కువగా నల్లజాతివాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు. బయట తమను చిన్నచూపు చూసే ఊళ్లో, ఎవరి భయమూ లేకుండా ఒళ్లు మరిచి ఆడుకోవడానికి వాళ్లకు దొరికిన జాగా అది. ఈ సంగతి పక్కన పెట్టి డిస్కో కథ చెబితే ఆ కథ తప్పు.

చార్టుల సంగతికొస్తే, 1974 జులైలోనే ద హ్యూస్ కార్పొరేషన్ 'రాక్ ద బోట్', జార్జ్ మెక్రే 'రాక్ యువర్ బేబీ' ఒకదాని వెంట ఒకటి అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. రేడియోవాళ్లు పట్టించుకోకముందే క్లబ్బుల్లో ఆడి ఆడి గెలిచిన పాటలవి. అదే ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక క్లబ్బుల్లో మోగే పాటలకు విడిగా ఒక జాబితా వేయడం మొదలుపెట్టింది. 1975లో వ్యాన్ మెకాయ్ 'ద హసల్' కూడా పైకెక్కింది. సినిమా చేసిన పని ఏమిటంటే, అప్పటిదాకా క్లబ్బు గడప దాటని దాన్ని అందరి ఇళ్లలోకీ తీసుకెళ్లడం.

1978లో బీ జీస్ చార్టుల్ని నిజంగా అంతలా ఆక్రమించారా?

ఆక్రమించారు. ఆ ఏడాది ఫిబ్రవరి మొదటి వారం నుంచి వరసగా 15 వారాలు అమెరికా నంబర్ వన్ స్థానంలో ఉన్న నాలుగు పాటల్లోనూ బీ జీస్‌లో పెద్దవాడు బ్యారీ గిబ్ రచన ఉంది. 'స్టేయిన్ అలైవ్' నాలుగు వారాలు, తమ్ముడు ఆండీ గిబ్ పాడిన '(లవ్ ఈజ్) థిక్కర్ దాన్ వాటర్' రెండు వారాలు, 'నైట్ ఫీవర్' ఎనిమిది వారాలు, ఇవొన్ ఎలిమన్ పాడిన 'ఇఫ్ ఐ కాంట్ హ్యావ్ యూ' ఒక వారం. కొద్ది వారాల విరామం తర్వాత జూన్‌లో ఆండీ 'షాడో డాన్సింగ్' ఎక్కి ఏడు వారాలు దిగలేదు. వీళ్ల పాటలున్న 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా ఆల్బమ్ 24 వారాలు పైన కూర్చుంది.

విచిత్రం ఏమిటంటే వీళ్లు మొదట్నుంచీ డిస్కోవాళ్లు కారు. అరవైల్లో నెమ్మదైన, విషాదం నిండిన పాటలతో పేరు తెచ్చుకున్న అన్నదమ్ములు. 1975లో మయామీ వెళ్లాక దారి మారింది. రోజూ స్టూడియోకి వెళ్లే దారిలో ఒక పొడవాటి వంతెన ఉండేది. దాని అతుకుల మీదుగా కారు పోతుంటే చక్రాలు ఒక లయలో చప్పుడు చేసేవి. ఆ చప్పుడు బ్యారీ చెవిలో పడింది, 'జైవ్ టాకిన్' పుట్టింది. అదే ఆల్బమ్ చేస్తున్నప్పుడు బ్యారీ సన్నటి పై గొంతుతో పాడటం మొదలుపెట్టాడు. ఆ గొంతే తర్వాత వాళ్ల గుర్తింపయింది.

'స్టేయిన్ అలైవ్'లో డ్రమ్స్ వాయించింది మనిషా, మెషీనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల చెవి మంచిదని చెప్పాలి. ఆ బీటులో ఏదో తేడా ఉంది, ఎక్కడా తొణకదు.

ఫ్రాన్స్‌లో షాటో డెరూవిల్ అనే పాత భవనంలో రికార్డింగ్ జరుగుతోంది. ఇంట్లో వాళ్లకు బాగాలేదని కబురొస్తే డ్రమ్మర్ డెనిస్ బ్రయాన్ వెళ్లిపోవాల్సి వచ్చింది. దగ్గరున్న డ్రమ్ మెషీన్ ఏమీ బాగా పలకలేదు. అప్పుడు బీ జీస్‌తో కలిసి పాటలు నిర్మిస్తున్న ఆల్బీ గలూటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ ఇద్దరూ ఒక ఉపాయం చేశారు. అప్పటికే బ్రయాన్ వాయించి ఉంచిన 'నైట్ ఫీవర్' టేపులోంచి కొద్ది బీట్ల ముక్క తీసుకుని, దాని రెండు కొసలూ అతికించి చుట్టగా చేశారు. ఆ చుట్ట రికార్డర్ మీద పట్టనంత పొడవు. బయటికి లాగి మైక్ స్టాండ్ మీదుగా తిప్పి, బిగువు తగ్గకుండా చూసుకుంటూ అదే ముక్కను మళ్లీ మళ్లీ మోగించి మరో టేపులోకి ఎక్కించారు. దాని మీదే మిగతా వాద్యాలు, గొంతులు చేర్చారు.

అంటే వాయించింది మనిషే, మళ్లీ మళ్లీ మోగించింది టేపు. మనిషి వాయింపులో ఉండే జీవం, యంత్రానికి ఉండే పట్టుదల రెండూ ఒకేసారి వినిపించడానికి కారణం అదే. ఆ ముక్కనే 'మోర్ దాన్ ఎ వుమన్'లోనూ వాడారు. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి, సీపీఆర్ నేర్పేటప్పుడు ఈ పాటను మనసులో పాడుకోమని ఇప్పటికీ చెబుతుంటారు.

'ఐ ఫీల్ లవ్' అమెరికాలో నంబర్ వన్ కాలేదు కదా, దాన్నెందుకు అంత ఎత్తుకుంటారు?

అమెరికాలో ఆరో స్థానం దాకా వచ్చి ఆగింది, నిజమే. బ్రిటన్‌లో మాత్రం 1977లో నాలుగు వారాలు నంబర్ వన్. కానీ దాని గొప్పతనం ఆ లెక్కల్లో లేదు.

జర్మనీలోని మ్యూనిక్‌లో నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ ఈ పాట చేశారు. వయొలిన్లు లేవు, గిటార్ లేదు. మూగ్ సింథసైజర్ అనే, కరెంటుతో శబ్దాలు పుట్టించే యంత్రం మీద దాదాపు మొత్తం కట్టారు. బేస్ డ్రమ్ మాత్రం కీత్ ఫోర్సీ కాలితో వాయించాడు. కావలసిన దెబ్బ ఆ యంత్రంలో సరిగ్గా రాలేదు కాబట్టి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక చిన్న పని చేయండి. ఎడమ చెవిది మాత్రం ఉంచి వినండి, తర్వాత కుడిది మాత్రం. బేస్ స్వరం ఒకవైపు అసలుది, రెండోవైపు క్షణంలో చిన్న భాగం ఆలస్యంగా వచ్చే దాని ప్రతిధ్వని. రెండూ కలిస్తేనే ఆ గుర్రపు పరుగు వస్తుంది. విడివిడిగా వింటే బేస్ స్వరం ఒకదాంట్లో బీటు మీద, రెండోదాంట్లో బీటు పక్కన పడుతున్నట్టుంటుంది. అంత యంత్రాల మధ్యలో డోనా గొంతు తేలుతూ, తొందర లేకుండా, దాదాపు గాలిలా వస్తుంది. తర్వాతి టెక్నో, ట్రాన్స్ సంగీతాలు ఈ పాటకు బాకీ పడ్డాయి.

ఆమె ఇదొక్క తీరుకే పరిమితమని అనుకోకండి. 1979లో వచ్చిన 'హాట్ స్టఫ్' మూడు వారాలు నంబర్ వన్, అందులో మంచి రాక్ గిటార్ ఉంటుంది. ఆ పాటకు గ్రామీ అవార్డు రాక్ గాత్రం విభాగంలోనే వచ్చింది.

'ఐ విల్ సర్వైవ్' రికార్డు వెనకవైపు పాటా?

అవును. గ్లోరియా గేనర్ చేత 'సబ్‌స్టిట్యూట్' అనే పాట పాడించాలన్నది కంపెనీ ఆలోచన. వెనకవైపుకి ఏదో ఒకటి కావాలి కాబట్టి ఫ్రెడ్డీ పెరెన్, డినో ఫెకారిస్ రాసిన ఈ పాట ఇచ్చారు. స్టేజీ మీద పడి వెన్నెముకకు ఆపరేషన్ అయిన గేనర్, నడుముకు పట్టీ కట్టుకునే స్టూడియోలో నిలబడి పాడింది. ఆ సాహిత్యం తన కోసమే రాసినట్టుందని ఆమెకు అప్పుడే తెలుసు, కంపెనీకే తెలియలేదు.

ఆమె, ఆమె భర్త కలిసి ఆ రికార్డులు న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే క్లబ్బు డీజే రిచీ కాక్‌జోర్‌కి ఇచ్చారు. ఆయన వెనకవైపు తిప్పి వేశాడు. అక్కడ ఆడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. క్లబ్బుల్లోంచి రేడియోకి, రేడియో నుంచి కంపెనీకి ఒత్తిడి పెరిగి చివరికి పక్కలు మార్చి విడుదల చేశారు. 1979 మార్చిలో నంబర్ వన్. పాట వినేటప్పుడు ఒకటి గమనించండి: వెనక కోరస్ లేదు. మొదట్నుంచి చివరి దాకా ఆమె ఒక్కతే. ఒంటరిగా నిలబడ్డ మనిషి పాట అలాగే ఉండాలి. ఉత్తమ డిస్కో రికార్డింగ్ అనే గ్రామీ అవార్డు చరిత్రలో ఒక్కసారే ఇచ్చారు, అది ఈ పాటకే.

షీక్ బృందాన్ని స్టూడియో 54 గేటు దగ్గర ఆపేస్తే 'లె ఫ్రీక్' పుట్టిందన్నది నిజమా?

షీక్ గిటారిస్టు నైల్ రోజర్స్ స్వయంగా ఎన్నోసార్లు చెప్పిన సంగతే. 1977 డిసెంబర్ 31 రాత్రి గాయని గ్రేస్ జోన్స్ రమ్మంటే రోజర్స్, బేస్ వాయించే బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వెళ్లారు. గేటు దగ్గర జాబితాలో పేర్లు లేవని లోపలికి రానివ్వలేదు. ఇంటికొచ్చి గిటార్, బేస్ తీసి, గేటు దగ్గరి మనిషిని తిట్టే బూతు పల్లవితో ఒక పాట కట్టుకున్నారు. ట్యూను మరీ బాగుండటంతో ఆ బూతు తీసేసి మాట మార్చారు. ఆ పాట మూడు విడతలుగా పైకెక్కి మొత్తం ఆరు వారాలు నంబర్ వన్‌గా ఉంది.

ఒకే పాట రేడియోలో మూడు నిమిషాలు, రికార్డులో ఎనిమిది నిమిషాలు ఎందుకుంటుంది?

డాన్స్ ఫ్లోర్ కోసం. మూడు నిమిషాల్లో ఒళ్లు వేడెక్కేసరికి పాట అయిపోతుంది. టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడు పాటల్ని పొడిగించడం మొదలుపెట్టాడు. మధ్యలో గొంతు, వయొలిన్లు తీసేసి డ్రమ్స్, బేస్ మాత్రమే ఉంచి, తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ చేర్చుతూ వచ్చేవాడు.

12 అంగుళాల సింగిల్ రికార్డు కూడా ఆయన దగ్గరే, అనుకోకుండా పుట్టింది. ఒకరోజు 7 అంగుళాల ఖాళీ పళ్లేలు అయిపోయి, 10 అంగుళాలదాని మీద పాట చెక్కాల్సి వచ్చింది. అంత పెద్ద పళ్లెంలో పాట ఒక అంచుకే పరిమితమైతే బాగుండదని గాడుల్ని దూరం దూరంగా పరిచి, శబ్దం పెంచి చెక్కించాడు. గాడి వెడల్పుగా ఉంటే సూది ఎక్కువ ఊగగలదు, బేస్ దెబ్బ లోతుగా వస్తుంది. విని ఆశ్చర్యపోయారు, ఆ తర్వాత 12 అంగుళాలదానికి వెళ్లారు. మొదట్లో ఈ పెద్ద రికార్డుల్ని డీజేలకే ఇచ్చేవారు. దుకాణాల్లో అమ్మకానికి వచ్చిన మొదటిదిగా 1976 నాటి డబుల్ ఎక్స్‌పోజర్ 'టెన్ పర్సెంట్'ను చెబుతారు. దాన్ని మిక్స్ చేసింది వాల్టర్ గిబన్స్ అనే డీజే. కంపెనీలు డీజేని స్టూడియోలోకి పిలిచి టేపు చేతికివ్వడం అక్కణ్నుంచి మామూలైంది.

బోనీ ఎమ్ పాటల్లో ఆ లావు మగ గొంతు ఎవరిది? అమెరికాలో వాళ్లు ఎందుకు అంత పేలలేదు?

స్టేజీ మీద గెంతుతూ కనిపించే బాబీ ఫారెల్‌ది కాదు. నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆడ గొంతులు లిజ్ మిచెల్, మార్సియా బారెట్‌లవి. ఇది తెలిసి బాధపడేవాళ్లున్నారు. బాబీ ఆట లేకపోతే 'డాడీ కూల్', 'రాస్‌పుటిన్' అంతలా జనంలోకి వెళ్లేవి కావు కాబట్టి, అతని వాటా అతనికి ఉందనే నేనంటాను.

1978లో 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' బ్రిటన్‌లో అయిదు వారాలు నంబర్ వన్, అమెరికాలో 30వ స్థానం. అది అసలు జమైకాలో ద మెలోడియన్స్ పాడిన భక్తి పాట. ఇలాంటి కలగలుపు యూరప్‌కి నచ్చింది. సోల్, ఫంక్ అనే నల్లజాతి సంగీతాల నుంచి డిస్కోకి వచ్చిన అమెరికావాళ్లకు అంతగా పట్టలేదని నా అంచనా.

ఆబ్బా 'డాన్సింగ్ క్వీన్' డిస్కోనేనా?

నిస్సందేహంగా. దాని బీటుకు ప్రేరణ 'రాక్ యువర్ బేబీ'. అమెరికాలో ఆ బృందానికి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ అది, 1977 ఏప్రిల్‌లో.

రాక్ గాయకులు డిస్కో చేయడం అవకాశవాదమా?

ఆ రోజుల్లో వాళ్ల అభిమానులు అలాగే తిట్టారు. రోలింగ్ స్టోన్స్ 'మిస్ యూ' 1978లో, రాడ్ స్టువర్ట్ 'డా యా థింక్ అయామ్ సెక్సీ?', బ్లాండీ 'హార్ట్ ఆఫ్ గ్లాస్' 1979లో నంబర్ వన్ అయ్యాయి. మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. 'హార్ట్ ఆఫ్ గ్లాస్'లో డ్రమ్ మెషీన్, అసలు డ్రమ్స్ పక్కపక్కన ఎంత ఓపిగ్గా కూర్చారో వింటే అది ఇష్టంతో చేసిన పని అని తెలిసిపోతుంది.

1979 జులై 12 రాత్రి షికాగోలో డిస్కో చచ్చిపోయిందంటారు. నిజమేనా?

ఆ రాత్రి కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో డీజే పిలుపు మీద జనం డిస్కో రికార్డులు పట్టుకొచ్చారు. రికార్డు తెస్తే టికెట్టు 98 సెంట్లు. రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో ఆ రికార్డుల్ని మైదానం నడిబొడ్డున పేల్చేశారు. వేలమంది లోపలికి దూకారు, పచ్చిక తగలబడింది, పోలీసులు వచ్చారు, రెండో మ్యాచ్ జరగనే లేదు.

ఆ మైదానంలో పనిచేస్తున్న కుర్రాడు విన్స్ లారెన్స్ ఒకటి గమనించాడు. జనం తెచ్చినవాటిలో డిస్కో కానివి కూడా ఉన్నాయి, అవి నల్లజాతి కళాకారుల రికార్డులు. ఇది కేవలం ఒక సంగీతం మీద విసుగు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సంగీతం నచ్చకపోతే వినకుండా ఉండొచ్చు, కుప్ప పోసి పేల్చడంలో ఉన్నది వేరే కోపం.

ఇక చావు సంగతి. ఆ వారం చార్టులో నంబర్ వన్ డోనా సమ్మర్ 'బ్యాడ్ గర్ల్స్', అది అయిదు వారాలు దిగలేదు. తర్వాత షీక్ 'గుడ్ టైమ్స్' ఎక్కింది. ఆగస్టు చివర్లో ద నాక్ అనే రాక్ బృందం 'మై షరోనా'తో వచ్చి ఆరు వారాలు కూర్చున్నాక గాలి మారిన మాట నిజం. ఆ పైన కంపెనీలు డిస్కో అన్న పేరునే పక్కన పెట్టి, డాన్స్ సంగీతం అని అమ్ముకున్నాయి. అతిగా అమ్మిన తప్పు వాళ్లది కూడా. సినిమా హిట్టయ్యాక ప్రతివాళ్ల చేతా డిస్కో రికార్డు చేయించి దుకాణాలు నింపేశారు.

అదే షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ డిస్కో రికార్డులు ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. అక్కణ్నుంచే హౌస్ సంగీతం వచ్చింది. 1984లో వచ్చిన తొలి హౌస్ రికార్డుల్లో ఒకటైన 'ఆన్ అండ్ ఆన్' రాసినవాళ్లలో ఆ విన్స్ లారెన్స్ ఒకడు.

మన దేశానికి డిస్కో ఎలా వచ్చింది? తెలుగు పాటల్లోకి వచ్చిందా?

నిజానికి మనవాడొకరు మొదట్నుంచీ అక్కడే ఉన్నాడు. బెంగళూరులో పుట్టి లండన్ వెళ్లిన బిడ్డూ 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' చేశాడు. కార్ల్ డగ్లస్ పాడిన ఆ పాట కూడా వెనకవైపుకని మిగిలిన కాస్త టైములో హడావుడిగా రికార్డు చేసిందే. బ్రిటన్, అమెరికా రెండింట్లోనూ నంబర్ వన్ అయింది. అదే బిడ్డూ 1980లో హిందీ సినిమా 'కుర్బానీ'కి పదిహేనేళ్ల నాజియా హసన్ చేత పాడించిన పాట మన దేశాన్ని ఊపేసింది.

రెండో దారి బప్పీ లహరిది. 1980లో ఉషా ఉతుప్ పాడిన 'హరి ఓం హరి' వింటే, ఎరప్షన్ బృందం 1979లో పాడిన 'వన్ వే టికెట్' గుర్తుకు రాక మానదు. ఎరప్షన్ నిర్మాత బోనీ ఎమ్ ఫారియనే. 1986లో కృష్ణ 'సింహాసనం'తో బప్పీ తెలుగుకి వచ్చాడు, 1991లో 'గ్యాంగ్ లీడర్' దాకా ఆ జోరు సాగింది. ఆ పాటల్లో ఉన్నది ఎక్కువగా ఎనభైల సింథసైజర్, ఎలక్ట్రానిక్ డ్రమ్ముల శబ్దం. ఆ బీటు వెనక్కి తవ్వుకుంటూ పోతే మ్యూనిక్ తగులుతుంది.

కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

నన్నడిగితే 'గుడ్ టైమ్స్'. అది ఒక్క వారమే నంబర్ వన్‌గా ఉంది, కానీ ఆ కాలపు రికార్డుల్లో అంత పనితనం ఉన్నది నాకు ఇంకొకటి కనిపించలేదు. ఎనిమిది నిమిషాల ఆల్బమ్ వెర్షనే వినండి. మధ్యలో అందరూ తప్పుకుని ఎడ్వర్డ్స్ బేస్, టోనీ థాంప్సన్ డ్రమ్స్ మిగిలే చోటు వస్తుంది. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి చేరతాయి. రోజర్స్ గిటార్ తీగల్ని పూర్తిగా మోగనివ్వడు, ఎడమ చేత్తో వెంటనే నొక్కి ఆపేస్తూ ఉంటాడు, అందుకే అది తాళవాద్యంలా పలుకుతుంది. ఆ బేస్ వరసనే మళ్లీ వాయించి 1979లోనే షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్' చేసింది. ర్యాప్ జనానికి తెలిసింది ఆ రికార్డుతోనే.

తర్వాత 'ఐ ఫీల్ లవ్', ఆ తర్వాత 'ఐ విల్ సర్వైవ్'.

ఒక జాగ్రత్త. ఈ పాటల్లో చాలావాటిని అదే గాయకులు ఏళ్ల తర్వాత మళ్లీ పాడి వేరే కంపెనీలకు ఇచ్చారు. యాప్‌లో వెతికితే చవక సంకలనాల్లో అవే ముందు వస్తాయి. పేరు, ఫొటో అన్నీ ఒకటే, కానీ డ్రమ్స్ బోలుగా, గొంతు ముదిరి ఉంటుంది. పాట పక్కన 're-recorded' లాంటి మాట ఏదైనా ఉందేమో చూడండి, లేకపోతే మొదట విడుదలైన ఆల్బమ్ పేరుతో వెతకండి. గేనర్‌దైతే 'లవ్ ట్రాక్స్', షీక్‌దైతే 'రిస్కే', డోనాదైతే 'ఐ రిమెంబర్ యెస్టర్‌డే'. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, అందులో బేస్ రాదు.